పారెయ్యని మొదటి అచ్చు

మొదటిసారి అచ్చు వేసిన పుర్రెను పారెయ్యమని నాకు ఇద్దరు చెప్పారు. ఒకాయన నాకు ఉద్యోగం ఇచ్చినాయన. ఇంకొకాయన ప్రభుత్వం తరఫు వకీలు. ఇద్దరూ నా మంచికే చెబుతున్నామన్నారు. నేను పారెయ్యలేదు. దాన్ని గాలిబుడగల కవరులో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, పెట్టె మీద తేదీ వేసి సంతకం చేశాను. ఆ మొండితనానికి నా ఉద్యోగం పోయింది. మళ్ళీ అలాంటి రోజు వస్తే మళ్ళీ అదే పని చేస్తాను.

మాది కోడంబాక్కం. ముత్తాతల కాలంలో నెల్లూరు వైపునించి వచ్చి మద్రాసులో స్థిరపడ్డ కుటుంబం. మా నాయన సినిమా స్టూడియోల్లో మౌల్డింగ్ పని చేసేవాడు. సెట్టుకు గుడి కావాలంటే స్తంభాలు, కోట కావాలంటే గుమ్మం మీద సింహాలు. ఒక్కదాన్ని మట్టితో చేసి, దాని మీద ప్లాస్టర్ పోసి అచ్చు తీసి, ఆ అచ్చులోనించి కావలసినన్ని తీసేవాడు. సెట్టు పనులు తగ్గిపోయాక ఇంట్లోనే ఉంటున్నాడు. నేను పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి, షోళింగనల్లూరులో ఒక చిన్న త్రీడీ ప్రింటింగ్ కంపెనీలో చేరాను. ప్లాస్టిక్ తీగను కరిగించి, సన్నటి పొర మీద పొర వేసుకుంటూ పోయి చివరికి ఒక వస్తువును నిలబెట్టే మెషీన్లు మావి. నేను ఆ పని గురించి చెప్పినప్పుడు మా నాయన, "మేం మట్టితో చేసిందే మీరు కరెంటుతో చేస్తా ఉండారు, అంతే గదా" అని తేల్చేశాడు.

నా పని ఎక్కువగా ఆసుపత్రుల వాళ్ళతో. ప్రమాదంలో దవడ విరిగిన మనిషికి ఆపరేషన్ చేసేముందు, ఆ దవడ నమూనాను డాక్టరు చేత్తో పట్టుకుని చూసుకుంటే కోత సులువవుతుంది. వాళ్ళు సీటీ స్కాన్ పంపుతారు. అందులో కండ, చర్మం, రక్తం అన్నీ కలిసి ఉంటాయి. వాటిలోనించి ఎముకను మాత్రం వేరుచేసి మెషీన్‌కు ఎక్కించేదాన్ని నేను. అలా ఆరేళ్ళు చేశాను. అన్నీ బతికున్నవాళ్ళ ఎముకలే.

ఒక రోజు ప్రభుత్వ ఆసుపత్రినించి ఒక డాక్టరమ్మ వచ్చింది. యాభై దాటిన తమిళావిడ, శవపరీక్షలు చేసే విభాగంలో పెద్ద. చేతిసంచిలోనించి ఒక సీడీ తీసి నా బల్ల మీద పెట్టింది. ఆవిడతోనూ తరవాత కోర్టులోనూ మాటలన్నీ తమిళంలోనే నడిచాయి. వాటిని ఇక్కడ నా తెలుగులో రాస్తున్నాను.

"ఇందులో ఒక మనిషి తల ఉంది. దాన్ని నా చేతిలో పెట్టగలవా?" అంది.

సంగతి ఇది. తొండియార్‌పేటకు అవతల ఒక ప్రైవేటు కంటైనర్ యార్డు. అక్కడ లోడింగ్ పని చేసే ఒకతన్ని తల పగిలిన స్థితిలో ఆసుపత్రికి తెచ్చారు. తెచ్చిన సూపర్‌వైజరు, తాగి నిచ్చెన ఎక్కి కంటైనర్ మీదనించి సిమెంటు నేల మీద పడ్డాడని చెప్పాడు. ఆసుపత్రి వాళ్ళు ఆ మాటే కేసు కాగితంలో రాసుకున్నారు. రక్తంలో మందు ఉందో లేదో చూసే పరీక్ష ఎవరూ చేయించలేదు. సీటీ స్కాన్ తీశారు. ఆపరేషన్ దాకా పోకుండానే రెండో రోజు చనిపోయాడు. శవపరీక్ష చేసింది ఈ డాక్టరమ్మే. తల పైభాగంలో, కుడివైపు, ఎముక లోపలికి నొక్కుకుపోయి ఉందని రాసింది. ఆ తరవాత చర్చి వాళ్ళ శ్మశానంలో పూడ్చేశారు.

"పడి ఉండడని నాకు అప్పుడే అనిపించింది," అంది డాక్టరమ్మ. "తలకు టోపీ పెట్టుకుంటే దాని అంచు ఎక్కడికొస్తుంది? నేల మీద పడినవాళ్ళకు సాధారణంగా ఆ అంచు దగ్గరో, దాని కిందో తగుల్తుంది. ఇతనికి దాని పైన తగిలింది. అదొక్కటే అయితే చాలదు. కానీ ఆ గుంటకు ఒక ఆకారం ఉంది. చదునైన నేల అలాంటి గుంట చెయ్యదు. ఇది నేను నోటితో చెబితే పోలీసులకు ఎక్కడం లేదు. ఫొటోలు చూపిస్తే రక్తం చూసి మొహం తిప్పుకుంటున్నారు. ఎముక తీసి చూపిద్దామంటే మనిషి మట్టిలో ఉన్నాడు."

"స్కాన్ ఉంది కదా మేడమ్," అన్నాను.

"అందుకే నీ దగ్గరికొచ్చాను," అంది.

ఆ పని నేను మామూలు దవడ పనిలాగే చేశాను. నా తప్పు అక్కడే ఉంది. సీడీ ఎక్కించాను, ఎముకను వేరుచేశాను, మెషీన్‌కు ఇచ్చాను. ఒకటిన్నర రోజుకు తెల్లటి పుర్రె తయారైంది. చాలా అందంగా వచ్చింది. మా కంపెనీ యజమాని విజయవాడనించి వచ్చి ఇక్కడ వ్యాపారం పెట్టినాయన. దాన్ని చేతిలో తిప్పి చూసి, "మ్యూజియంలో పెట్టొచ్చమ్మా" అన్నాడు. నాకూ గర్వంగానే ఉంది. మర్నాడు పొద్దున ఆసుపత్రికి ఇవ్వాలి, మా ఇంటినించి అయితే దగ్గర. అందుకని పెట్టెలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయాను.

మా నాయన కాఫీ తాగుతూ పెట్టె తెరిపించాడు. పుర్రెను ఒళ్ళో పెట్టుకుని, ఆ గుంట చుట్టూ బొటనవేలు తిప్పాడు. రెండుసార్లు తిప్పాడు.

"దీన్ని ఎవరు రుద్దినారు?" అన్నాడు.

"ఎవురూ రుద్దలేదు నాయనా. మెషీన్‌లోనించి వొచ్చింది వొచ్చినట్టే."

"లేదు పాపా. విరిగిన అంచు ఇట్లుండదు. ముప్పై ఏండ్లు పగిలిన ప్లాస్టర్‌తో కొట్లాడినోణ్ణి నేను. ఈడ చూడు, వాడేసిన సబ్బుబిళ్ళ మాదిరి ఉంది. ఒక పక్కన్నా గోరు తగులుకోవాల గదా. యాడా తగల్లేదే."

"స్కాన్‌లో అట్లే ఉంటుందేమో."

"ఏమో గీమో అంటే ఎట్లా? పొయ్యి చూడు," అన్నాడు. "ఒక మనిషి తల ఇది. సుమ్మా ఆడుకునే బొమ్మ కాదు."

నాకు కోపం వచ్చింది. ఆరేళ్ళు పని చేసినదాన్ని, నాకు తెలియదా అనుకున్నాను. కానీ పొద్దున ఆసుపత్రికి పోకుండా ఆఫీసుకు పోయాను. కంప్యూటర్‌లో ఆ ఫైలు తెరిచి, స్కాన్ చిత్రాలను ఒక్కొక్కటే దాని పక్కన పెట్టి చూశాను. మా నాయన వేలు చెప్పింది నిజం.

మా సాఫ్ట్‌వేర్‌లో రెండు సదుపాయాలు ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటాయి. ఒకటి గరుకును నున్నగా చేస్తుంది. ఇంకొకటి సందులను పూడుస్తుంది. దవడల డాక్టర్లకు నున్నటి నమూనాలంటే ఇష్టం కాబట్టి ఆ ఏర్పాటు నేనే ఎప్పుడో చేసి పెట్టుకున్నాను. ఇతని తలలో విరిగిన అంచు సాఫ్ట్‌వేర్‌కు గరుకులా కనబడింది, నున్నగా చేసేసింది. ఎముక చీలిన గీత సందులా కనబడింది, పూడ్చేసింది. అసలు స్కాన్‌లో ఆ గుంటకు ముందువైపు వంపు తిరిగిన పదునైన అంచు ఉంది. అక్కడ ఎముక ముక్క నాలుకలా లోపలికి దిగిపోయి ఉంది. నా అచ్చులో అది ఒక లోతులేని సొట్ట అయిపోయింది. చదునైన నేల మీద పడితే ఇంతే అవుతుందని ఎవరైనా అనుకునేలా ఉంది.

యార్డు వాళ్ళు అడక్కుండానే వాళ్ళకు కావలసిన పని నేను చేసిపెట్టాను. 

తరవాత ఆ రెండు సదుపాయాలూ ఆపేసి, మళ్ళీ మొదటినించి మొదలుపెట్టాను. రెండో అచ్చు వికారంగా వచ్చింది. స్కాన్ పొరల మెట్లు నుదుటి మీద కనబడుతున్నాయి. పలచటి ఎముక ఉన్నచోట్ల చిల్లులున్నాయి. కానీ గుంట అంచున గోరు తగులుకుంది. వెర్నియర్ కాలిపర్‌తో పన్నెండు చోట్ల కొలిచి, స్కాన్‌లో అదే చోట్ల కొలతలతో సరిచూసి, కాగితం మీద రాసుకున్నాను. తేడా ఎక్కడా అర మిల్లీమీటరు దాటలేదు.

యజమాని రెండూ పక్కపక్కన చూశాడు.

"మొదటిది పారెయ్యమ్మా," అన్నాడు. "కంప్యూటర్‌లో దాని రికార్డు కూడా తీసెయ్. తప్పు చేశామని మనమే చెప్పుకుంటే రేపు ఆసుపత్రుల వాళ్ళు మనకు పనిస్తారా?"

"చెప్పకపోతే ఇది కూడా తప్పేనేమో ఎవరికి తెలుస్తుంది సార్?"

"అంత దూరం ఎవరాలోచిస్తారు?"

"నేను ఆలోచించాను," అన్నాను. పెట్టె మీద సంతకం పెట్టింది అప్పుడే.

రెండు పెట్టెలూ పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరమ్మ గది బయట బెంచీ మీద నలభై దాటిన ఒకావిడ కూర్చుని ఉంది. నూలు చీర, మెడలో నల్లదారానికి చిన్న సిలువ, కాళ్ళ దగ్గర టిఫిన్ క్యారియర్. నేను ఫోన్‌లో మా నాయనతో తెలుగులో మాట్లాడడం విని నావైపు జరిగింది.

"మీరు మనోళ్ళేనా? ఏందిమా ఆ పెట్టెల్లో?"

నేను చెప్పలేక, డాక్టరమ్మకు ఇవ్వాల్సినవి అన్నాను. ఆవిడ తలాడించి తన సంగతి తానే చెప్పింది. చనిపోయినతని భార్య ఆవిడ. ఒక ప్రైవేటు స్కూల్లో ఆయా పని చేస్తుంది. వారానికొకసారి పని అయ్యాక వచ్చి ఈ బెంచీ మీద కూర్చుని, డాక్టరమ్మ బయటికొస్తే, ఆయన తాగి పడలేదని రాస్తారా అని ఒకే మాట అడిగి పోతుందట.

"కంపినీవోళ్ళు ఇంటికొచ్చినారుమా. తాగి పడినాడని సంతకం పెడితే ఏదో ఇస్తామన్నారు. నేను పెట్టలా. పెండ్లయిన కాడినించి ఆయన తాగలేదు, మా చర్చిలో ఎవురినైనా అడగండి. ఇప్పుడు నా పిలకాయల్ని ఈదిలో అడగతా ఉండారు, మీ నాయన తాగి చచ్చినాడంట గదా అని. నాకు ఆ మాట పోవాల. కట్టాయం పోవాల, పొయ్యే తీరాల."

లోపల డాక్టరమ్మకు జరిగినదంతా చెప్పాను. మొదటి అచ్చు, మా నాయన, రెండో అచ్చు, కొలతలు. ఆవిడ తిడుతుందనుకున్నాను. రెండిటినీ కిటికీ వెలుగులో పెట్టి చూసింది. రెండోదాని గుంటలో వేలు పెట్టి అంచు వెంబడి జరిపింది.

"మీ నాన్నగారిని ఒకసారి మా విద్యార్థులకు పాఠం చెప్పమనాలి," అంది. రెండిటినీ మళ్ళీ పెట్టెల్లో పెట్టి, "రెండూ జాగ్రత్తగా ఉంచు. అడిగితే రెండూ చూపిద్దాం," అంది.

ఆవిడ రాసిన అభిప్రాయం, ఆ అచ్చు ఫొటోలు చూశాక పోలీసులు కేసును మార్చారు. ప్రమాదవశాత్తు పడిపోయాడన్నది పోయి, నిర్లక్ష్యం వల్ల చావు అన్నది వచ్చింది. యార్డులో కంటైనర్లు ఎత్తే గొలుసు కొక్కేన్ని స్వాధీనం చేసుకున్నారు. బరువు జారకుండా దాని మూతికి ఉండాల్సిన తాళపు రేకు విరిగి ఉంది. అలాంటి కొక్కెంతోనే పని చేయించాడని సూపర్‌వైజరును ముద్దాయిని చేశారు. కోర్టు అనుమతితో, చేతిలో పట్టుకునే స్కానర్‌తో పోలీస్ స్టేషన్‌లోనే దాన్ని అన్ని పక్కలనించీ స్కాన్ చేశాను. ఇనపది ఒక్క మనిషి ఎత్తేది కాదు. నేను దాని మొనను మాత్రం అదే కొలతలో ప్లాస్టిక్‌లో వేశాను. అరచేతిలో ఇమిడింది.

డాక్టరమ్మ ఆ మొనను పుర్రె గుంటలో అటూ ఇటూ తిప్పి చూసింది. ఒక వాలులో పెట్టగానే వంపుకు వంపు కుదిరి కూర్చుంది. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. ఆవిడ మాత్రం తొణకలేదు.

"సరిపోయింది కదా అని ఇదే కొట్టిందని చెప్పను. ఇలాంటి వంపున్న బరువైన ఇనుము కొట్టి ఉండాలి, నేల కాదు. అంతవరకే నాకు తెలుసు. నువ్వు కూడా నీకు తెలిసినంతే చెప్పు. ఒక్క మాట ఎక్కువ చెప్పినా మొత్తం పోతుంది," అంది.

ఆ రోజు బయట బెంచీ మీద చనిపోయినతని భార్య ఉంది. చూస్తావా అని డాక్టరమ్మ అడిగితే లోపలికి వచ్చింది. ఇది ఆయన ఎముక కాదని, ఆయన తలలాగా ప్లాస్టిక్‌తో చేసినదని నేను తెలుగులో చెప్పాను. ఆవిడ ముందు ముట్టుకోలేదు. తరవాత నుదుటి దగ్గర రెండు వేళ్ళు ఆనించింది. గుంటవైపు చూసి ఏడవలేదు.

"పైనించి వొచ్చి కొట్టిందా?" అని అడిగింది.

"అట్లే కనిపిస్తా ఉందక్కా. డాక్టరమ్మ కోర్టులో చెబుతుంది."

"నువ్వు?"

"నన్ను పిలిస్తే నేనూ చెబుతాను."

"పిలవకపోయినా నువ్వు రా మా," అంది.

సమన్లు వచ్చిన రోజు యజమాని నన్ను తన గదిలోకి పిలిచాడు. ఆ యార్డు యజమానులకే ఇంకో కంపెనీ ఉందట, వాళ్ళనించి మాకు పెద్ద ఆర్డరు రాబోతోందట. ఆయన గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఆ రోజూ మెల్లగానే మాట్లాడాడు.

"నీకు ఒంట్లో బాగాలేదని సర్టిఫికెట్ తెచ్చుకో. అచ్చు వేసింది మెషీన్ కదా, మనిషి కాదు కదా. నువ్వు పోయి నిలబడాల్సిన అవసరం ఏముంది?"

"మెషీన్ మీద సంతకం లేదు సార్. పెట్టె మీద నా సంతకం ఉంది."

"వెళ్తే మళ్ళీ ఇక్కడికి రావడం కష్టమవుతుంది, ఆలోచించుకో."

ఆలోచించుకోవడానికి ఏమీ లేదు. నా బల్ల సొరుగులో ఉన్న నా కాలిపర్, నీళ్ళ సీసా, ఒక జత చెప్పులు సంచిలో వేసుకుని వచ్చేశాను. కంపెనీ క్యాబ్ ఎక్కలేదు. బస్సులో ఇంటికొచ్చాను. బస్సులో భయం వేసిన మాట నిజం. ఇంటికొచ్చి చెబితే మా నాయన, "కోర్టుకు ఏం చీర కట్టుకుంటావు?" అని మాత్రం అడిగాడు.

కోర్టు వరండాలో ప్రభుత్వ వకీలు నా చేతిలో రెండు పెట్టెలు చూసి మొహం చిట్లించాడు.

"రెండెందుకు? తప్పుగా వచ్చినదాన్ని అవతలి వకీలు చేతికి మనమే ఇస్తామా? పారెయ్యమ్మా దాన్ని. లేదా మీ ఆటోలో వదిలేసి రా."

"రెండూ లోపలికి తెస్తాను సార్."

"కేసు పోతే నీదే బాధ్యత."

"దాస్తే పోతుంది సార్. తెస్తే పోదు," అన్నాను. అంత ధైర్యంగా అన్నాను గానీ, నిజంగా పోదని నాకేం తెలుసు. చనిపోయినతని భార్య వరండా చివర టిఫిన్ క్యారియర్‌తో నిలబడి మమ్మల్నే చూస్తోంది. ఆవిడ ముఖం చూడకుండా లోపలికి పోయాను.

డాక్టరమ్మ సాక్ష్యం అంతకు ముందు వాయిదాలోనే అయిపోయింది. తోటి లోడింగ్ మనుషులు ఒక్కరూ నోరు విప్పలేదు. చూడలేదన్నారు, గుర్తులేదన్నారు. మిగిలింది నేను. స్కాన్ ఎక్కడినించి వచ్చింది, ఏం చేశాను, ఎలా కొలిచాను, అన్నీ చెప్పాను. తరవాత సూపర్‌వైజరు తరఫు వకీలు లేచాడు. తల నెరిసిన మనిషి, గొంతు చాలా మృదువుగా ఉంది.

"మీరు డాక్టరా?"

"కాదు సార్."

"ఇంజనీరా?"

"డిప్లొమా చదివాను."

"మీరు వేసిన పుర్రె ముందు మీ ఇంటికి వెళ్ళిందట కదా. మీ నాన్నగారు చూశారట. ఆయన ఏం చేసేవారు?"

"సినిమా సెట్లకు అచ్చులు తీసేవారు."

"అంటే లేనివాటిని ఉన్నట్టు చూపించే పని."

వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. 

"అవును సార్. అందుకే ఏది రుద్ది నున్నగా చేసిందో ఆయన వేలికి తెలిసింది. నాకు తెలియలేదు."

ఆయన దగ్గర నా కంపెనీనించి వచ్చిన సమాచారం ఉందని నాకు అర్థమైంది.

"అంటే మీరు ఒక పుర్రె అచ్చు వేశారు, అందులో ఈ పదునైన అంచు లేదు. ఆ తరవాత ఇంకొకటి వేశారు, అందులో అంచు వచ్చింది. అవునా?"

"అవును."

"మొదటిది ఏమైంది? పారేశారా?"

"లేదు సార్. ఇదిగో."

పెట్టె తెరిచి బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని ఊహించలేదు. ప్రభుత్వ వకీలు నేలవైపు చూస్తున్నాడు. మేజిస్ట్రేటు రెండూ దగ్గరికి తెప్పించుకుని, కళ్ళద్దాలు పైకి జరిపి, ఒకదాని తరవాత ఒకటి బొటనవేలితో తడిమి చూశాడు.

"స్కాన్ ఒక్కటేనా?" అని నన్ను అడిగాడు.

"ఒక్కటే సార్. నా ఏర్పాటులో తప్పు. ఇక్కడే చూపించగలను."

అనుమతి ఇచ్చాడు. లాప్‌టాప్‌లో కోర్టు దగ్గరున్న సీడీనే ఎక్కించి, ఆ రెండు సదుపాయాలూ ఆన్ చేశాను. అంచు కరిగిపోయింది. ఆపేశాను. అంచు తిరిగి వచ్చింది. మూడుసార్లు చేయించుకున్నాడు. 

వకీలు మాత్రం వదల్లేదు. "మొదటిది మీరే వేశారు. అది తప్పని మీరే అంటున్నారు. రెండోది ఒప్పని మేం ఎందుకు నమ్మాలి?"

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. రోజుల తరబడి దానికి జవాబు వెతుక్కున్నాను. ఆ క్షణంలో మాత్రం వెతుక్కున్నవన్నీ మర్చిపోయి, ఉన్నదున్నట్టు చెప్పాను.

"నన్ను నమ్మక్కర్లేదు సార్. సీడీ కోర్టు దగ్గరుంది. మీకు నచ్చిన ఊళ్ళో, మీకు నచ్చిన కంపెనీలో, మీకు నచ్చిన మనిషితో అచ్చు వేయించండి. అంచు రాకపోతే నేను ఇక్కడికే వచ్చి నాది తప్పని చెబుతాను."

"వేయిస్తారా?" అని మేజిస్ట్రేటు ఆయన్ని అడిగాడు.

ఆయన చేతిలో కాగితాలు సర్దుకుని, అవసరం లేదన్నాడు. తరవాత ఇంకో ప్రశ్న వేశాడు, అది నన్ను నిజంగా గుచ్చింది. "చనిపోయిన మనిషి తాగి ఉన్నాడో లేదో ఈ బొమ్మ చెబుతుందా?"

చనిపోయినతని భార్య వెనక బెంచీలో కూర్చుని ఉంది. లేదు, తాగలేదు అని చెప్పాలని నా నోటిదాకా వచ్చింది.

"చెప్పదు సార్," అన్నాను.

రెండు పుర్రెలనూ, ఆ కొక్కెం మొననూ కోర్టు తన దగ్గరే ఉంచుకుంది. బయటికొచ్చాక ఆవిడకు మొహం చూపించలేకపోయాను. ఆవిడే వచ్చి క్యారియర్ మూత తీసి, ఇడ్లీలు నా చేతిలో పెట్టింది.

"కడసారి అడిగిందానికి అట్లా చెప్పినావే," అంది.

"అది నిజమక్కా. ఎముక్కి అది తెలీదు."

"తెలుసులేమా. నువ్వు అబద్ధం చెప్పుంటే, ముందు చెప్పిందంతా అబద్ధమనేవోడు ఆ వక్కీలు." ఇంకో ఇడ్లీ పెట్టి, "తినుమా, పొద్దున్నించి నిలబడుండావు," అంది.

తీర్పు నాలుగు నెలలకు వచ్చింది. సూపర్‌వైజరుకు నిర్లక్ష్యం వల్ల చావుకు కారకుడని శిక్ష పడింది. అచ్చులు సొంతంగా దేన్నీ రుజువు చెయ్యవని, డాక్టరు చెప్పినదాన్ని అర్థం చేసుకోవడానికి మాత్రమే పనికొచ్చాయని మేజిస్ట్రేటు రాశాడు. అది సరైన మాటే. మేం చెప్పుకున్నదీ అంతే. తరవాతి పేజీలో ఇంకో మాట ఉంది. చనిపోయిన వ్యక్తి తాగి ఉన్నాడనడానికి ముద్దాయి నోటిమాట తప్ప వేరే ఆధారం లేదు, పడిపోయాడని అతను చెప్పిన మాటే నమ్మదగినది కానప్పుడు తాగాడని చెప్పిన మాటనూ నమ్మడానికి వీల్లేదు.

ఒక ఆదివారం తొండియార్‌పేటలో ఆవిడ ఇంటికి వెళ్ళి ఆ పేజీని తెలుగులో చెప్పాను. ఆవిడ మళ్ళీ చెప్పమంది. పక్కింటావిడను పిలుచుకొచ్చి ఇంకోసారి చెప్పించింది. పిల్లలిద్దరికీ నేను చెప్పనక్కర్లేకపోయింది, ఇంగ్లీషులో ఉన్న ఆ తీర్పును వాళ్ళే చదువుకున్నారు. పెద్దమ్మాయి ఆ వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీసింది. మీకు కావాలంటే ఆ పుర్రె ఇంకోటి వేసిస్తానని ఎందుకో అనేశాను. అనగానే తప్పుగా అనిపించింది.

"నాకొద్దుమా," అంది ఆవిడ. "ఆయన మొహం నాకు తెలుసు. నాకు ఈ కాగితం జాలు."

ఆ కాగితంతో ఆవిడ ఊరుకోలేదు. మరుసటి వారం నన్ను తోడు రమ్మని, భర్తను చేర్చిన ఆసుపత్రికి తీసుకుపోయింది. రికార్డుల కౌంటర్‌లో కూర్చున్నతను కేసు కాగితం వెతికి తీశాడు. తాగి పడ్డాడని అందులో అప్పటిలాగే ఉంది. పాత రికార్డులో అక్షరం కూడా మార్చకూడదని చెప్పాడు. ఆవిడ తీర్పు నకలు కౌంటర్ మీద పెట్టి, ఇది కూడా ఆ ఫైల్లో కట్టమంది. అలాంటి పద్ధతి లేదన్నాడు. పద్ధతి లేదని రాసివ్వమంది. పెద్దాయన్ని అడగాలన్నాడు. అడిగి రమ్మంది. మా వెనక వరస పెరిగిపోయి జనం గొణుగుతున్నారు. ఆవిడ ఎవరికీ దారి ఇవ్వలేదు. నేను పక్కన నిలబడ్డాను, ఒక్క మాట కూడా సాయం చెయ్యాల్సిన పని పడలేదు. చివరికి పైనించి ఒకాయన దిగివచ్చి, దరఖాస్తు రాయించుకుని, నకలు మీద ముద్ర వేసి, ఫైల్లో కట్టించాడు. ఫైలు తాడు ముడి వేసేదాకా ఆవిడ చూసింది.

నా సంగతి చెప్పాలంటే, కొన్ని నెలలు ఇబ్బంది పడ్డాను. ఇప్పుడు కోడంబాక్కంలో మా ఇంటి ముందుగదిలో ఒక ప్రింటర్ పెట్టుకున్నాను. దవడలు వేస్తాను. డాక్టరమ్మ విభాగంనించి ఏడాదికి ఒకటి రెండు తలలు, ఒకసారి పక్కటెముకలు వచ్చాయి. నా పాత కంపెనీ ఇప్పటికీ నడుస్తోంది. పాత యజమాని ఒకసారి ఫోన్ చేసి మళ్ళీ వస్తావా అన్నాడు. రానన్నాను, కారణం ఆయన అడగలేదు.

సూపర్‌వైజరు తరఫున యార్డు వాళ్ళు పై కోర్టుకు అప్పీలు వేయించారు. ఆ కబురు చెప్పడానికి ఆవిడ పని చేసే స్కూలు గేటు దగ్గరికి వెళ్ళాను. బడి వదిలే వేళ. చిన్నపిల్లలను రోడ్డు దాటిస్తూ, చెయ్యెత్తి ఒక వ్యాన్‌ను ఆపి, వెనక్కి తిరిగి చూడకుండానే విన్నది.

"ఎన్నాళ్ళు పడతుందంట?"

"తెలీదక్కా. సంవత్సరాలు పట్టొచ్చు."

"పట్టనీ. నువ్వు వస్తావు గదా?"

"వస్తాను."

"సరి," అంది. వ్యాన్ డ్రైవరు హారన్ కొట్టాడు. ఆఖరి పిల్ల దాటేదాకా ఆవిడ చెయ్యి దించలేదు.